ఏడేండ్ల పసరు

సూర్యాపేట దవాఖాన నుంచి ఆత్మకూరుకు తిరిగి పోతున్న ఎడ్లబండిలో పెంటమ్మ, ఆమె పెనిమిటి మట్టయ్య ఇద్దరే ఉన్నారు. పెళ్లయి ఏడేళ్లు. పిల్లల్లేరు.

"మల్లొకసారి జెప్పు. డాక్టరమ్మ ఏమన్నది?"

"నువ్వు గాడనే ఉన్నవ్ గద పెంటమ్మా."

"ఉన్న. నీ నోటెంట ఇంట."

"నీకేం దోసం లేదన్నది."

"ఇంకా?"

"పల్లీలు దిను. ఇంక ఏడిగనే ఉన్నయి."

"తింటున్న. మంచిగున్నయి. ఇంకా?"

"ఇంకేమున్నది... నా దాన్ల ఇత్తనం లేదంట. అద్దం కింద బెట్టి సూసిందంట."

"గవదలు లేసినయా అని గూడ అడిగింది నిన్ను."

"మన లగ్గానికి ముందటేడు లేసినయి. దౌడలు ఉబ్బినయి. అమ్మ సున్నం, పసుపు పట్టేసింది."

"దౌడలేనా?"

"ఎడ్లు అలిసినయి."

"ఆమెకు జెప్పినవ్ గద. నాకు జెప్పనీకి ఏమైంది?"

"కింద గూడ ఉబ్బింది. సిగ్గయి ఎవ్వలకు జెప్పలే. వారానికి తగ్గింది. తగ్గింది గదాని ఊకున్న."

"గందుకేనంట. కొందరికి గట్ల అయితదంట."

"ఆఁ."

"పిల్లలు గావాల్నని మీ అమ్మ ఏడేండ్లు నాకు పసరు వోసింది. అమాస అమాసకు. తాగినంక రెండు దినాలు లేసేదాన్ని గాదు."

"ఇగ పొయ్యదు తియ్యి."

"ఎందుకు పోస్తది? వచ్చే ఐతారం మా చెల్లె లింగమ్మను నీకు జేస్తున్నది గద."

"జర ఎడ్లకు నీళ్లు తాపుదమా?"

"వద్దు. మీ అమ్మకు జెప్పు, పెండ్లి వద్దని."

"ఏమని జెప్పాలె?"

"ఉన్నదే జెప్పు."

"మొగోన్ని గానని జెప్పాల్నా?"

"గది వేరు, గిది వేరన్నది డాక్టరమ్మ. బిడ్డలు గారు, గంతే."

"ఊరోళ్లకు గా తేడా తెలుస్తదా?"

"తెల్వది. లింగమ్మకు గూడ పసరు పోస్తరు."

"పల్లీలు సల్లగైతున్నయి, తిను."

"ఒక్కటి అడుగుత. డాక్టరమ్మ జెప్తుంటె నేను మల్ల మల్ల అడిగిన. నువ్వేమో గోడ గడియారం సూస్కుంట నిలబడ్డవ్. గట్లెందుకు?"

"నిరుడు మిర్యాలగూడ పోయిన, యాదికున్నదా?"

"వడ్లు అమ్మనీకి పోయినవ్."

"వడ్లు పక్కింటి నాగయ్యతోని అమ్మిపిచ్చిన. నేను దవాఖానకు పోయిన. గాడ గూడ గిదే జెప్పిన్రు."