గోడ మీది జోల

పట్టపగలే పరదాలు దించిన గదిలో, అక్క తన ఏడాదిన్నర కొడుకును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వాడికి చెవులు వినపడవు. అందుకే ఆమె పాడే జోలను చెల్లెలు వెలుగునీడలతో చిన్న సినిమాగా తీసి గోడ మీద వేస్తోంది. అది అమ్మ పాటేనని వాడు పోల్చుకుంటాడో లేదోనని అక్కకు ఒకటే గుబులు.

“ఇది నా పాటటే? జల్లెడ నీడ ఊగుతోందంతే!”

“పాడేటప్పుడు వాణ్ణి ఎలా ఊపుతావో, అదే ఊపులో వెలుగు పెరిగి తగ్గుతోంది. కాస్త ఓపిక పట్టు అక్కా.”

“వీడేమో నా గొలుసు నములుతున్నాడు. అదేమిటే, గోడంతా చీకటైపోయింది? కరెంటు పోయిందా?”

“రెండో చరణం ముందు నువ్వు ప్రతిసారీ ఆగుతావుగా, అదే. ఎంత బాగుంటుందో ఆ ఆగడం! ఎవరు నేర్పారు?”

“నేర్పడమేమిటి, నీ మొహం! వీడి ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంటాను. పుట్టినప్పటి నుంచీ అదే భయం.”

“అయ్యో రామా! నేనది పాటలో ఉందనుకున్నానే! తీసేయనా?”

“తీసేయ్. నా పిరికితనం గోడెక్కడం దేనికి?”

“సరే. ఉన్నదున్నట్టుగా ఒక్కసారి మొదటి నుంచి వేస్తాను. గొలుసు లాక్కుని వాణ్ణి గోడ వైపు తిప్పు.”

వెలుగు ఊగింది, తగ్గింది. గోడ మీద చీకటి పడింది.

“అక్కా, ఈ చీకటేగా తీసేయమన్నావు? ఏడుస్తున్నావా?”

“తీసేయకే. నా వేలు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.”