చిలక కనబడటం లేదు

స్లోవేనియాలోని ప్తుయ్ ఊరి చిన్న నాటకశాల. తెర లేవడానికి ఇంకా కాస్త సమయం ఉంది. వేదిక పైన మాటల అనువాదం వేసే యెల్కా, కంప్యూటర్ ముందు కూర్చుని ఫోన్లో మాట్లాడుతోంది.

"...చిలక లేదండీ బోరుత్ గారూ! మీరు రాసిన ప్రోగ్రాం తాలూకు చిలక బొమ్మ తెర మీద గడియారం పక్కన ఉండాలి కదా? గడియారం ఉంది. చిలక లేదు."

"సరిగ్గా చూడండమ్మా. పైన, కుడివైపు మూల. చిన్నది, ఆకుపచ్చది."

"చిలక ఏ రంగులో ఉంటుందో నాకు తెలీదా? లేదంటే లేదు. నా ప్రాణం తీసుకుపోయింది."

"నా దగ్గర కనబడుతోందే."

"మీ దగ్గర కనబడితే నాకేం లాభం! ఇక్కడ బుడాపెస్ట్ నుంచి నటులొచ్చారు. హాలు నిండా జనం. వాళ్ళు మాట్లాడే హంగేరియన్ ఒక్కడికీ అర్థం కాదు. నేను స్లోవేనియన్‌లో రాసిందంతా మీ చిలక కడుపులో ఉంది."

"గాభరా పడకండి. నిన్నమొన్నటిదాకా బానే ఉందిగా? ఏం మార్చారు?"

"నేనేం మార్చలేదు. నేను సెలవులో ఉన్నప్పుడు మా లైట్ల జిగా కొత్త డెస్క్‌టాప్ పెట్టాడట. అందంగా ఉంటుందని. ఏరా జిగా, అందంగా ఉందా? అందంగా ఉందిరా, నీ మొహంలా ఉంది!"

"ఆఁ, అదీ సంగతి. లోపల లైనక్స్ అదే, పైన తొడిగిన చొక్కా వేరు. ఈ కొత్తదానికి గడియారం పక్కన బొమ్మలు పెట్టడం ఇష్టం ఉండదు. శుభ్రంగా ఉండాలంటుంది."

"మా అత్తగారిలాగా."

"అలాగే. కాస్త పెద్దగా తెరవండి."

"విండోనా? పెద్దగానే ఉంది."

"మీకు కాదమ్మా. ఇక్కడ... వేరే వాళ్ళకి. మీరు చెప్పండి, ప్రోగ్రాం మళ్ళీ తెరిచి చూశారా?"

"తెరిస్తే 'ఇప్పటికే నడుస్తోంది' అంటోంది. నడుస్తోందట, కానీ కనబడదట! ఇదేం చోద్యం?"

"మీరు విండో మూల ఉన్న ఇంటూ గుర్తు నొక్కి మూసేశారు కదా? మూస్తే అది నిజంగా మూసుకోదు, చిలకలోకి దూరి కూర్చుంటుంది. చిలకకేమో ఇక్కడ చోటు లేదు."

"అలా ఎందుకు రాశారండీ?"

"ఏమో, అతనికి ఏం తోచిందో..."

"ఎవరికి?"

"నాకే, నాకే. అప్పట్లో అలా తోచింది. అవన్నీ ఇప్పుడెందుకు? ఆ నల్ల విండో తెరవండి, పోయిన శీతాకాలం తెరిచాం చూడండి. చంపమని రాసి, పక్కన చిలక పేరు రాయండి."

"చంపెయ్యాలా!"

"చంపితేనే మళ్ళీ పుడుతుంది."

"రాశాను... నొక్కాను... ఇప్పుడు తెరుస్తున్నా... వచ్చింది! నా మాటలన్నీ వచ్చాయి! అయ్యో, అయ్యో!"

"ఏమైంది?"

"వచ్చింది గానీ నా ముందుకొచ్చింది. వేదిక పైనున్న తెర మీదికి పోవట్లేదు. అక్కడ జిగా పెట్టుకున్న కొండల బొమ్మే కనబడుతోంది. పాతదాంట్లో తనంతట తనే పోయేది కదా?"

"పాతది ఎవరు ఎక్కడ కూర్చుంటామంటే అక్కడ కూర్చోనిచ్చేది. ఇది అలా కాదు, ఎవరి సీటు ఎక్కడో తనే చెబుతుంది. ప్రోగ్రాం మాట వినదు."

"మౌస్‌తో లాక్కెళ్ళి పడేస్తా."

"పడేయండి."

"వెళ్ళింది... ఉంది... ఇక్కడ ఒక్కటి నొక్కగానే కొండలు మళ్ళీ పైకొచ్చాయండీ! నా మాటలు కొండల వెనక్కి పోయాయి. బోరుత్ గారూ, నాకు ఏడుపొస్తోంది."

"ఏడవకండమ్మా. ఊరుకోండి."

"ఎండాకాలమంతా కూర్చుని అనువదించాను. గోడమీద అంటించిన కాగితంలో మొదటిసారి నా పేరు వేశారు. మా డైరెక్టర్ ఏమంటున్నాడో తెలుసా? ఈసారి కూడా అక్షరాలు పడకపోతే, వచ్చే ఏడాది నుంచి పరాయి భాష నాటకాలే వద్దంటున్నాడు. అంటే నేనూ వద్దనేగా!"

"వినండి. కంప్యూటర్లోంచి బయటికి రండి."

"నేను బయటే ఉన్నాను కదండీ?"

"అంటే పాస్‌వర్డ్ అడిగే చోటికి. మీ పేరు మీద నొక్కండి. పాస్‌వర్డ్ కొట్టే ముందు కింద మూల చూడండి. పళ్ళచక్రం లాంటిది ఉందా?"

"ఉంది. అంగుష్ఠమాత్రం ఉంది."

"నొక్కండి. పాత డెస్క్‌టాప్ పేరు ఉందా? జిగా తీసేయకుండా ఉంటే..."

"జిగా, తీసేశావా? తీయలేదట! బద్ధకస్తుడివి, బతికించావు నాయనా! ఉంది, నొక్కాను. పాస్‌వర్డ్... తిరుగుతోంది... తిరుగుతోంది..."

"కంగారు లేదు."

"మీకు లేదు! వచ్చింది! పాత నీలం రంగే! చిలక! గడియారం పక్కన చిలకండీ! అక్షరాలు చక్కగా తెర మీద కూర్చున్నాయి. నొక్కుతున్నా... కదలట్లేదు... అలాగే ఉన్నాయి! విన్నారా, ఆ నవ్వులు? తెర లేవకముందే మొదటి మాట చదివి జనం అప్పుడే నవ్వుతున్నారు!"

"వినబడుతోంది. భలే నవ్వుతున్నారే."

"మీ రుణం ఎలా తీర్చుకోను! శీతాకాలంలోనూ మీరే, ఇప్పుడూ మీరే. రేపు కూడా ఆడతారు, మీరు తప్పకుండా రావాలి. మొదటి వరసలో సీటు. బోరుత్ గారని రాయించనా?"

"వస్తాను. కానీ ఆ పేరు మాత్రం రాయించకండి."

"అదేం? సిగ్గా?"

"సిగ్గు కాదమ్మా. బోరుత్ అనే ఆయన ఈ నంబరు వదిలేసి ఎక్కడికో వెళ్ళిపోయాడు, అది నాకొచ్చింది. ఆయన కోసం ఫోన్ చేసేవాళ్ళంతా మీలాగే ఏడుపు గొంతుతో చేసేవారు. రాంగ్ నంబరని పెట్టేయడానికి మనసొప్పక, ఓ పాత కంప్యూటర్ కొని ఈ చిలకని నేర్చుకున్నాను. విల్కో అని రాయించండి, పళ్ళ డాక్టర్ని."