గోటితో చూసిన స్క్రూ

“మామా, ముప్పై ఏండ్లు ఈ అరబ్బు దేశంల వాళ్ళ తోటకు నీళ్ళు పట్టినవు. చెమట నీది, పచ్చదనం వాళ్ళది. ఎల్లుండి విమానం ఎక్కుతున్నవు. ఇంకా ఆ స్క్రూలు తిప్పే పేచ్‌కస్‌ను బట్టల చుట్టి మొక్కుడేంది?”

మొక్కుతలేను అల్లుడా, తుడుస్తున్న. కూసో, ఆ బకెట్ బోర్లించి కూసో. రికార్డు పెట్టినవా ఫోన్ల? పెట్టు. కని నడుమ నీ కూలోళ్ళ హక్కుల నినాదాలు పెట్టకు, చెప్పేది మరిచిపోత.

ఇది మోటర్ది కాదు, తుపాకిది. ఉలిక్కిపడకు. మన అర్బాబు లేడా, నేను పనిచేసే ఇంటి యజమాని అబూ రాషిద్, ఆయన తండ్రి కాలపు తుపాకి. లైసెన్సు ఉన్నది, అన్నీ ఉన్నయి. చలికాలం శుక్రవారాలు మైదానానికి పోయి గురి కొట్టేటోడు, ఆయనా, ఆయన దోస్తులూ. కాయితపు చక్రాలు పెట్టి కొట్టుడే, పిట్టలను కొట్టుడు కాదు.

కరోనా పోయినంక ఒక ఏడుకో, ఆ మరుసటేడో, ఆయనకు చూపు మసకైంది. దూరంది కండ్లకు ఆనుతలేదు. గురి తప్పుతున్నది. దోస్తులు ఏమనరు, కని ఏమననిదే కదా కష్టం? మైదానానికి పోవుడు బందు చేసిండు. మజ్లిస్‌ల, గదే దోస్తులు కూసునే ముందటి గదిల, దిండుకు ఒరిగి టీవీ చూసుడు. మనిషి వాడిపోయిండు. మీ అత్తమ్మ తండ్రి లేడా, దుక్కి మానినంక మంచం పట్టిండు చూడు, అచ్చం గట్లనే. ఆయనది వేరే కథ, పాపం, ఎద్దులు అమ్మినంక... సరే, అది వద్దు.

నా సంగతి చెప్పలే కదా. అప్పటికే నాకు దగ్గరిచూపు పోయింది. ఆయనకు దూరం, నాకు దగ్గర. ఎవ్వరికి చెప్పలే. చెప్తే ఏమైతది? ‘ముసలోడైండు, ఇంటికి పంపుండ్రి’ అంటరు. చిన్నబిడ్డ అప్పుడు నర్సింగు రెండో ఏడు. గందుకని నోరు మూసుకున్న. మోటరు విప్పినా, పంపు విప్పినా, స్క్రూ మీద బొటనవేలి గోరు పెట్టి గాటు తడుముకునేది. గాటు ఇటుందా అటుందా, సన్నమా ముద్దా, గోరే చెప్పేది. ఏండ్లకు ఏండ్లు గట్లనే ఎల్లదీసిన. ఎవ్వనికి అనుమానం రాలే.

ఇగ ఆయన కొడుకు రాషిద్ ఒకనాడు తుపాకి మీద బిగించే దుర్బిన్ తెచ్చిండు. దాంట్ల నుంచి చూస్తే దూరంది దగ్గరికొస్తది. షాపుకిచ్చి బిగిపిస్త బాబా అన్నడు. పెద్దాయన మాఫీ, వద్దు అన్నడు. తండ్రి తుపాకి పరాయోని చేతుల పెట్టనన్నడు. ముందు ఈ దుర్బిన్ లేకుండనే ఒక్కసారి కొట్టి చూస్తనన్నడు. పంతం. ముసలోళ్ళకుండేది అదొక్కటే కదా.

మైదానానికి పొయ్యేముందు తుపాకికి నూనె పెట్టాలె. ఇంట్ల సరైన నూనె లేదు. మన వంటమనిషి ఏసుబాబు ఉండె, గోదావరోడు, మంచోడే, కని అన్నిట్ల సలహా ఇస్తడు. “ఏంటండీ ఎల్లయ్యగారూ, ఇంత ఆలోచిస్తున్నారు? మా అమ్మ కుట్టుమిషనుకి కొబ్బరినూనే వేసేదండీ. నలభై ఏళ్ళు ఆడింది,” అన్నడు. పెద్దాయన వాసన చూసి తైయిబ్, బాగున్నది అన్నడు. పోసిండు.

నవ్వకు. మన ఇండ్లల్ల చలికాలం పొద్దుగాల ఏం చేస్తరు? కొబ్బరినూనె సీసా ఎండల పెడతరు. ఆ ముచ్చట ఒక్కనికి యాదికి రాలే! జనవరి పొద్దు, ఎడారి చలి, దోస్తులందరు ముందట. వెనుక గొళ్ళెం లెక్క జరిపే బోల్టు ఉంటది చూడు, అది కదలదు. నూనె మైనం పోసినట్టు పేరుకున్నది. పెద్దాయన గుంజిండు, గుంజిండు, రాలే. నేను నీళ్ళ డబ్బాలు దించుతున్న, ఆయన మొకం చూసిన. పెద్దాయన తుపాకిని సంచిల పెట్టి, “ఖలాస్. గోడకు తగిలేద్దాం,” అన్నడు.

ఇంటికొచ్చి వాకిట్ల పెడితే ఎండకు నూనె కరిగి గొళ్ళెం దానంతట అదే జారింది. ఆయన దానిక్కెల్లి చూసి, నాక్కెల్లి చూసి, కడుపు పట్టుకొని నవ్విండు. అన్ని నెలలకు నవ్విండు అల్లుడా. “యల్లా, నడు ఎల్లయ్యా. పద్ధతిగ చేద్దాం. దుర్బిన్ మనమే బిగిద్దాం, సామాను కొందాం,” అన్నడు.

పోయినం ఇద్దరం. కొడుకు అప్పటికే ఒక పెద్ద పనిముట్ల పెట్టె ఆర్డరిచ్చిండు, తెరిస్తే లోపల మెరుపులే మెరుపులు, ముక్కలు లెక్కలేనన్ని. ఆయన ఒక ముక్క తీసి రాయి మీద గీకితే కొస వంగింది. వాపసు పంపిండు. “పది చెత్త వద్దు, ఒక్కటి గట్టిది,” అన్నడు. నేను కొత్తగ వచ్చినప్పుడు పది రియాళ్ళకు జర్మనీ పేచ్‌కస్ దొరికేది. నమ్ముతవా? ఇప్పుడు పదికి చాయ్, సమోసా.

దుకాణం దుకాణం తిరిగినం. ముందు పేచ్‌కస్‌లు. మోటర్కు వాడేటియి కొసకు సన్నగైతయి, గాటు అడుగుకు ఆనవు, జారుతయి, స్క్రూ తల చెడుతది. తుపాకికి కొస సమానంగుండాలె, గాటు నిండ కూసోవాలె, కాయల గింజ లెక్క. ఆయన ఇంటినుంచి ఒక స్క్రూ జేబుల ఏసుకొచ్చిండు, ప్రతి పేచ్‌కస్ దాంట్ల పెట్టి చూసుడు. ఇగ గొట్టం తుడిచే పొడుగు కడ్డీ, ఇనుముది కాదు, పైన పూత ఉన్నది, లోపల గీతలు పడద్దని. నూలు బట్ట, మెత్తటి బ్రష్షు, సరైన నూనె. తుపాకి కదలకుండ పెట్టనీకె మెత్తలున్న స్టాండు. మన మేస్త్రీలు రసమట్టం అంటరు చూడు, నీళ్ళ బుడగ ఉండేది, గసొంటియే చిన్నయి రెండు: ఒకటి తుపాకి మీద, ఒకటి దుర్బిన్ మీద, రెండూ మట్టంగ ఉన్నయా లేదా అని. ఇగ ఆఖరికి, బిగించేటప్పుడు ఇంత చాలు అని టిక్కుమని చప్పుడు చేసే పానా. అది నాకు మస్తు నచ్చింది. మనుషులకు సుత గసొంటిది ఉంటే బాగుండు. నీకైతే ఎప్పుడో టిక్కుమనేది.

మజ్లిస్‌ల బట్ట పరిచి కూసున్నం. తుపాకి ఆయన చేతులు దాటి రాలే, అది ఆయన నియమం, సర్కారు నియమం సుత. ఖాళీ ఉన్నదా అని ఆయన చూసుడు, నాకు చూపెట్టుడు, మళ్ళ ఆయన చూసుడు. దుర్బిన్‌ను పట్టి ఉంచే కడియాలల్ల కింది సగాలు తుపాకి మీద కూసోబెట్టినం. దుర్బిన్ వాటిల పెట్టి, ఆయన భుజానికి ఆనిచ్చి, కంటికి నాలుగు వేళ్ళ దూరం వదిలినం. తుపాకి వెనక్కి తంతది కదా, దగ్గరుంటే కనుబొమ్మ చిట్లుతది. బుడగలు నడుమకు వచ్చినయి. కడియాల పై సగాలు పెట్టి, ఇగ స్క్రూలు. కారు చక్రం నట్లు బిగించినట్టే, ఇదొకటి కొంచెం, ఎదురుది కొంచెం.

“నువ్వు బిగించు, నేను పట్టుకుంట,” అన్నడు.

మోటరు స్క్రూ వేరు, ఇది గోధుమగింజంత. నాకు ఒక నల్ల చుక్క అవుపడుతున్నది, అంతే. ఏం చెయ్యాలె? అలవాటు కొద్ది బొటనవేలు పెట్టిన. గోటితోని గాటు తడుముకున్న. పేచ్‌కస్ కొస గోరు పక్కకెల్లి జార్చి గాట్ల కూసోబెట్టిన. మొదటిది అయింది. రెండోదానికి వేలు పెట్టంగనే ఆయన చెయ్యి నా మణికట్టు మీద పడ్డది.

“ఎల్లయ్యా, షూఫ్. ఇటు చూడు. నువ్వు గోటితోని చూస్తున్నవా?”

అల్లుడా, అయిపోయింది అనుకున్న. బిడ్డ చదువు, ఇంటికి పంపే ఎగ్జిట్ ముద్ర, ఊళ్ళె మొకాలు, అన్నీ ఒక్కపారి తిరిగినయి. అబద్ధమాడుదామంటే నోరు రాలే. “బాబా, దగ్గరిది కనబడదు,” అన్న.

ఆయన తుపాకిని స్టాండు మీద మెల్లగ పెట్టిండు. నన్ను చూసిండు, దుర్బిన్‌ను చూసిండు. “యా అల్లా! దూరం కనబడనోడు ఒకడు, దగ్గర కనబడనోడు ఒకడు, ఇద్దరు కూసొని తుపాకికి కన్ను పెడుతున్నరా!” అని నవ్వు మొదలువెట్టిండు చూడు. ఏసుబాబు చాయ్ పళ్ళెంతోని వచ్చి “ఏమైందండీ?” అని గుమ్మంల నిలబడ్డడు. నాకు నవ్వాలెనా ఏడ్వాలెనా తెల్వలే.

తెల్లారి ఆయనే కొడుకుతోని కారు తీపిచ్చిండు. ఐన్ ఖాలిద్ బస్తీల కండ్లద్దాల షాపు. షాపు పిల్లోడు నా చేతిల ఒక అట్ట పెట్టి సదువుమన్నడు. ఇంగ్లీషు, అరబ్బీ. నాకు రెండూ రావాయె. సిగ్గైంది. అప్పుడు పెద్దాయన లేచొచ్చి, జేబులకెల్లి ఆ స్క్రూ, దుకాణాలన్ని తిప్పినం చూడు, అదే, నా అరచేతిల పెట్టిండు. “అట్ట తీసెయ్,” అన్నడు పిల్లోనితోని. “ఎల్లయ్యా, గాటు కనబడ్డప్పుడు చెప్పు.” అద్దం మారుస్తున్నరు, మారుస్తున్నరు... కనబడ్డది! గాటు, గాట్ల దుమ్ము, పక్కన నా బొటనవేలు. గోటి నడుమ చిన్న గండి పడ్డది అల్లుడా. అన్నేండ్లు తడిమి తడిమి అరిగింది. అప్పటిదాక నా గోరు నేనే చూడలే.

మిగిలిన స్క్రూలు నేనే కండ్లతోని చూసుకుంట బిగించిన. టిక్, టిక్. ఆ శుక్రవారం ఆయన మైదానానికి పోయిండు. గురి తగిలిందా అంటవా? కొన్ని తగిలినయి, కొన్ని లేదు. దోస్తులు ఎక్కిరించిండ్రు. ఎక్కిరిస్తే మురిసిండు.

మొన్న ఈ పేచ్‌కస్ నాకిచ్చి, “నేను కొత్తది కొనుక్కుంట తియ్యి, ఇది నీ గోరు తెలిసినది,” అన్నడు.

నువ్వు మొకం ముడుచుకుంటున్నవు. ఒక్క అర్బాబు మంచోడైతే అన్ని మంచిగైనట్టా అంటవు. కానట్టే. నాకు తెల్వదా? మన కూలోళ్ళ క్యాంపులల్ల చెయ్యి నొస్తే దాచినోళ్ళు, చెవు పోతే దాచినోళ్ళు ఎందరో. అందరికి అబూ రాషిద్ దొరకడు. కనబడదని చెప్పనీకె మనిషి భయపడొద్దు, దానికోసం కొట్లాడు. నేనొద్దంటనా? కని నాకు కండ్లిచ్చినోనికి దండం పెట్టుకోనియ్యి. రెండూ ఒక్క చేతిల పడతయి.

ఇగో, పట్టు. నీకే. నాకెందుకు, ఊళ్ళె తుపాకులున్నయా? ఎన్నడన్న ఏదన్న కనబడకపోతే గోటితోని ఎల్లదీయకు బిడ్డా, నోరు తెరువు. చల్లగుండు, నీ చేతులు చల్లగుండ... ఆ చాయ్ తాగవేంది, పైన మీగడ కట్టింది చూడు...