ఆపాల్సిన వారం

బ్రాడీపేటలో ఒక ఆసుపత్రి వెనక, స్కూటర్లు పెట్టే చోటు. బావమరిది పిడికిట్లో బావ చొక్కా.

"మళ్ళీ చెప్పు బావా. ఇందాక డాక్టరమ్మ ముందు ఏమన్నావో నా ముందు చెప్పు."

"ఆపాల్సిన వారంలో కూడా క్యాన్సర్ మాత్రలిచ్చామని చెప్పా."

"ఇచ్చామంటే? ఎవరిచ్చారు?"

"నేనే అంకమ్మరావ్. నా చేత్తోనే ఇచ్చా. చొక్కా వదులు, ఊపిరాడట్లా."

"లోపల మా అక్కకి ఆడుతోందా? నోరంతా పుండ్లు, గుక్కెడు నీళ్ళు దిగట్లా. అరికాళ్ళు తోలూడిపోయినై. విరేచనంలో నెత్తురు. అది చూసొచ్చినాక నీకు ఊపిరి కావాలా? ఇంద. ఇంద."

"మావయ్యా, నాన్న మూతి పగిలింది. కొట్టొద్దు."

"పక్కకి పో శ్రీదివ్యా, నీకూ తగిలిద్ది. చదువుకున్నదానివి, ఇంట్లోనే ఉన్నావుగా. మొదట్లో డాక్టరమ్మ ఏం చెప్పింది?"

"రెండు వారాలు మింగించి, ఒక వారం ఆపమంది."

"ఎందుకు ఆపమంది? మీ నాన్నకి వినబడేట్టు చెప్పు."

"ఆ మందుకి ఏది జబ్బో, ఏది మనిషో తెలియదు మావయ్యా. గబగబా పెరిగే కణాలు కనబడితే చంపేస్తుంది. గడ్డ అట్టా పెరుగుతుంది. నోట్లో పొర, పేగుల్లో పొర, ఎముకల్లో నెత్తురు తయారయ్యేది, అవీ అట్టాగే పెరుగుతాయి. అందుకని అన్నిటినీ కొట్టేస్తుంది. ఆ వారం ఆపితే మంచివి తేరుకుంటాయి. గడ్డ అంత తొందరగా తేరుకోలేదు. ఆ సందులోనే మనిషి బతికేది."

"విన్నావా? ఆ సందు కూడా లేకుండా చేశావు. తెల్లకణాలు అడుగంటినై, జ్వరం దిగట్లా, సాయంత్రందాకా ఏమీ చెప్పలేనంది. ఎందుకిచ్చావు?"

"ఆపితే పురుగు మళ్ళీ లేచిద్దేమోనని భయపడ్డాంరా. మిరపతోటలో చూళ్ళా? తామర పురుగు తగ్గింది కదాని వారం మందు కొట్టకుండా ఊరుకుంటే, చివుళ్ళన్నీ ముడుచుకుపోలా?"

"మా అక్క నీకు మిరప మొక్కా? మొక్కా? చెప్పు, మొక్కా?"

"చచ్చిపోతాడు మావయ్యా, గొంతు వదులు. వదలమంటుంటే."

"కొట్టనీ అమ్మా. నాకూ అదే బాగుంది. ఇచ్చిన చెయ్యి నాదేగా."

"బాగుందా? ఏ చెయ్యి? కుడిదేనా? ఈ గోడ మీద పెట్టు."

"మావయ్యా, ఆ ఇటుక పారెయ్. ఎవరన్నా రండి, ఇక్కడెవరూ లేరా?"

"పెట్టా. కానియ్."

"నాన్నా, తియ్యి. చెయ్యి తియ్యి."

"అబ్బా... అమ్మా... అమ్మా..."

"వేళ్ళు నలిగిపోయినై. నువ్వు మనిషివేనా మావయ్యా?"

"కాదు. అక్క లేచి కూర్చునేదాకా కాదు."

"నాన్న సొంతంగా చెయ్యలేదు. ఇంకొకళ్ళు చెప్తేనే..."

"శ్రీదివ్యా, నోర్ముయ్."

"ఎవరు? ఎవరు చెప్పారు?"

"ఎవరూ లేరు. దానికి కంగారెక్కువ."

"ఇటుక నా చేతిలోనే ఉంది బావా. ఈసారి చెయ్యి కాదు, తల."

"ఎవరో ఫోన్ చేసి, మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొచ్చిద్ది, ఆపొద్దన్నారు. మీ అక్క ఆ మాటే పట్టుకుంది. నేను వద్దన్నా, డాక్టరమ్మని అడుగుదామన్నా వినలా. రెండు రోజులు నాతో మాట్లాడలా. ఆఖరికి నేనే చేతిలో పెట్టా."

"వాడి పేరు చెప్పు. ఇప్పుడే పోయి నరికి, జైలుకి పోతా."

"తెలిసి చెప్పలేదురా. ఆమె బతకాలనే చెప్పాడు. ఏదో పనిలో ఉండి రెండు ముక్కలు అన్నాడు. అని మర్చిపోయి కూడా ఉంటాడు."

"ఇంకా వెనకేసుకొస్తావా? నీ వేళ్ళు చితికిపోయినా వెనకేసుకొస్తావా?"

"లోపలికి తీసుకుపోయేముందు మీ అక్క ఒట్టేయించుకుంది. వాడికి తెలియనివ్వొద్దంది. తెలిస్తే వాడు బతకడంది."

"చావనీ. చావాల్సిందే. నోట్లో పుండ్లు పెట్టుకుని, వాడి కోసం ఒట్టేయించుకుందా? వాడంటే ఎందుకు అక్కకి అంత ఇది?"

"మీ అమ్మ పోయాక ఆమె చంకనేసుకుని పెంచింది ఒక్కణ్ణేగా, అంకమ్మరావ్."