సినిమా అయ్యాకే పోలీసులు

"కాస్త పక్కకి జరుగు నాయనా, టీవీకి అడ్డం. దొంగతనానికొచ్చినవాడివి నీ పని నువ్వు చూసుకోక, నడిహాల్లో నిలబడి సినిమా చూస్తావేం?"

"దొంగతనమా? భలేవారండీ అమ్మగారూ! నేను కేబులు రిపేరుకొచ్చాను."

"కేబులు వాళ్ళు బెల్లు కొడతారు."

"కొట్టానండి. మీకు వినపడలేదు."

"ఆ సంచీలో ఏమిటి?"

"పనిముట్లండి."

"పనిముట్లు టిక్కుటిక్కుమంటాయా?"

"కొన్ని కొన్ని అంటాయండి."

"కొన్ని కొన్ని అంటాయిట! గోడ మీద గడియారం ఉండాల్సిన చోట తెల్లగా గుండ్రటి మచ్చ కనబడుతోంది, చూసుకో."

"అమ్మగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను. కేకలు మాత్రం పెట్టకండి."

"నేనెందుకు పెడతాను? నేను అరిస్తే సినిమాలో మాటలు ఎవరు వింటారు? కూర్చో."

"ఎక్కడండి?"

"ఆ స్టూలు మీద. లేచావంటే పోలీసులకి ఫోను చేస్తాను. ఇదిగో, ఫోను చేతిలోనే ఉంది."

"అది రిమోటండి."

"ఫోను కూడా ఉంది. ముందు సినిమా అవనీ."

"అసలు ఇంట్లో ఎవరూ లేరనుకున్నానమ్మా. మొన్నట్నించీ చూస్తున్నాను. కారు లేదు, లైటు లేదు, మనిషి అలికిడి లేదు."

"నాకు వెలుతురు పడదు. కళ్ళు."

"పైగా ఎంత గట్టి తాళాలండీ! దొడ్డి తలుపు గడియ ఊడదీసేసరికి నా భుజం పడిపోయింది."

"అంత అవస్థ ఎందుకు పడ్డావు? తాళంచెవి పూలకుండీ కిందే ఉంటుందిగా."

"అక్కడా చూశానండి. లేదు."

"ఎలా ఉంటుంది, నేను తీశానుగా."

"ఇంట్లో ఒక్కరే ఉంటారా అమ్మా?"

"ప్రశ్నలు నువ్వడుగుతావేం? దొంగవి నువ్వా నేనా?"

"నేనేనండి."

"ఆఁ. అది గుర్తుంచుకో. ఎన్నాళ్ళకి చూస్తున్నానో సినిమా! మనవడికి పరీక్షలని మా కోడలు టీవీ మీద దుప్పటి కప్పేసింది."

"మరి ఇది మోగుతోందిగా?"

"దుప్పటి... తీశాంలే. అదిగో, అటు చూడు. ఆ కుర్రాడూ నీలాంటివాడే పాపం. చెల్లెలికి చూపు రావాలంటే ఆపరేషను చెయ్యాలి. చేతిలో చిల్లిగవ్వ లేదు. అందుకని ఆ నగల షాపుకి..."

"తెలుసండి. ఇన్‌స్పెక్టరు వేషంలో వెళ్ళి, సోదా అని చెప్పి నగలన్నీ ఊడ్చుకుపోతాడు. ఈ సినిమా నేను చూశాను. చివర్లో ఏమవుతుందంటే..."

"నోర్మూయ్! చివర చెప్పావంటే ఈ క్షణమే ఫోను చేస్తాను. గడియారం పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. చివర పోతే ఏం కొనుక్కుంటాం?"

"చెప్పనండి, చెప్పనండి."

"ఎంత మంచి పిల్లాడో. నాకు ఏడుపొస్తోంది."

"ఎలా మంచివాడండీ? మొదట్నించీ నోరు తెరిస్తే అబద్ధం. అమ్మకి అబద్ధం, పోలీసులకి అబద్ధం, ఆ అమ్మాయికైతే పాట పాడి మరీ అబద్ధం."

"చెల్లెలి కోసం కదా! నీకుందా చెల్లెలు?"

"ఉందండి."

"చూపుందా?"

"అస్సలు లేదండి."

"పుట్టుకతోనా?"

"కాదండి. చిన్నప్పుడు పెద్ద వానలో చెట్టు కింద నిలబడితే, మెరుపు పడి..."

"అది ఇందాకే ఇందులో చూపించారు. వాన, చెట్టు, మెరుపు. నాకు కథలు చెప్పకు."

"వాడు చెబితే కళ్ళొత్తుకున్నారు, నేను చెబితే కథలా?"

"వాడి గొంతు బాగుంది."

"ఇదేం న్యాయమమ్మా! గొంతు బాగుంటే హీరో, లేకపోతే దొంగా?"

"అరవకు. వెళ్ళి మంచినీళ్ళు తాగిరా, కోపం తగ్గుతుంది."

"గ్లాసులెక్కడండి?"

"అక్కడే, వంటింట్లో... ఎక్కడో అక్కడ ఉంటాయి, వెతుక్కో."

"ఇదిగోనండి, మీకూ తెచ్చాను. పొయ్యి కింద అరలో ఉన్నాయి."

"పొయ్యి కిందా? అక్కడా పెట్టారు!"

"ఒక్కటడుగుతాను, తిట్టకండి. ఈ గోడల నిండా ఫొటోలే. మీది ఒక్కటీ లేదేమండీ?"

"అన్నీ తీసింది నేను. ఇక నేనెలా పడతాను? అయ్యో అయ్యో, ఆ ముసలాయన్నెందుకు ఈడ్చుకుపోతున్నారు?"

"ఆ షాపు వాచ్‌మనండి. హీరో దొంగతనం చేస్తే ఆయన్ని పట్టుకున్నారు."

"తర్వాత వదిలేస్తార్లే."

"వదలరండి! ఆయన మళ్ళీ తెరమీద కనబడితే ఒట్టు. చెల్లెలికి చూపొస్తుంది, హీరోకి పెళ్ళవుతుంది, అందరూ నవ్వుతూ ఫొటో దిగుతారు. జైల్లో ఉన్న వాచ్‌మన్ ఒక్కడికీ గుర్తుండడు."

"చెప్పేశావు! చివర చెప్పేశావు కదరా దుర్మార్గుడా!"

"ఒళ్ళు మండి చెప్పానమ్మా. ఆ వాచ్‌మన్ నేనే."

"ఓరి! సినిమాల్లో కూడా వేశావూ?"

"వెయ్యలేదండి. నిజంగా. ఒక గోడౌనుకి కాపలా ఉండేవాణ్ణి. ఒకరోజు లోపల సరుకు పోయింది. ఎవడు తీశాడో ఇవాళ్టికీ తెలీదు. గేటు దగ్గర నేనున్నాను కాబట్టి నన్ను పట్టుకుపోయారు. బయటికొచ్చాక ఎక్కడికెళ్ళినా, నువ్వా, వద్దులే అన్నారు. ఎలాగూ దొంగ అనే అన్నారు కదా అని..."

"ఇది ఏ సినిమాలోది?"

"ఇందులో పాటల్లేవండి."

"అవును. లేవు. చాలా అన్యాయం నాయనా. నిజంగా బాధగా ఉంది నాకు."

"ఎవరూ ఆ మాట అనలేదమ్మా ఇన్నేళ్ళలో."

"అని, నిన్ను వదిలేస్తాననుకోకు. నువ్వా గడియారం పట్టుకుపోయావనుకో. రేపు ఎవర్ని పట్టుకుంటారు?"

"నన్నండి."

"నువ్వు దొరికితే కదా! ఈ ఇంట్లో గిన్నెలు తోమే పిల్ల ఉంది. ముందు దాన్నే నిలబెట్టి అడుగుతారు. ఇక్కడ హీరో నువ్వు. వాచ్‌మన్ ఆ పిల్ల."

"అంత మాటనకండమ్మా."

"తప్పా నేనన్నది?"

"తప్పు కాదనేగా బాధ. ఇదిగోనండి గడియారం, తగిలించేస్తున్నాను. ఇవి వెండి గిన్నెలు. ఇదిగో కెమెరా."

"కెమెరా కూడా ఉందీ? అంటే... ఉంది, ఉంది. ఎక్కడ తీశావో అక్కడే పెట్టు."

"అన్నీ పెట్టేశానండి. అదేంటమ్మా, మీరలా నీరుగారిపోయారు?"

"ఆ పిల్లని పోయిన నెల నానా మాటలూ అన్నారు నాయనా. డబ్బాలో బిస్కట్లు అయిపోతున్నాయని."

"ఎవరన్నారు?"

"ఎవరు... నేనే. నేనే అన్నాను."

"తిందా మరి?"

"లేదు. అది ముట్టుకోను కూడా లేదు. ఏడ్చుకుంటూ వీధిలో వెళ్తుంటే మా గుమ్మంలోంచి... ఈ గుమ్మంలోంచి చూశాను."

"మరెవరు తిన్నారండీ?"

"సినిమా చూడు."

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడు. మీవాళ్ళెవరో తినేసి గమ్మునుంటారు."

"ఇంటివాళ్ళు కాదులే. నాయనా, నిజం చెప్పేస్తే మనసు తేలికవుతుందంటావా?"

"నన్నడుగుతారేంటమ్మా? పెద్దవారు, మీరే చెప్పాలి. నాకైతే ఆ గడియారం మళ్ళీ గోడకి తగిలించాక గుండెల మీంచి బండ దింపినట్టుంది."

"చెప్పాలి. ఇంకెవరికీ కాకపోయినా ఆ పిల్లకి చెప్పాలి. పెద్దదాన్నయ్యుండీ నోరు మూసుక్కూచున్నాను, సిగ్గు లేదూ."

"అమ్మా, గేటు దగ్గర కారు ఆగింది."

"టీవీ కట్టెయ్! కట్టెయ్, కట్టెయ్!"

"కంగారెందుకండీ? మీవాళ్ళే అయ్యుంటారు. మంచిదేనమ్మా. వాళ్ళ కాళ్ళ మీద పడి మొత్తం ఒప్పేసుకుంటాను. సామానంతా తిరిగి పెట్టేశానని మీరొక్క మాట సాక్ష్యం చెప్పండి, చాలు."

"ఆదివారం దాకా రామన్నారే!"

"ఎవరండీ?"

"ఇంకెవరు, ఈ ఇంటివాళ్ళు! ఒప్పుకోవడం తర్వాత చూద్దాం, ముందు నువ్వొచ్చిన దారెటో నాక్కూడా చూపించు నాయనా."