పనసకర్ర గ్లాసు

జలంత్రకోట జీడితోటల పక్కన యంత్రాల వ్యాను ఆగింది. ఎవరికి కావలసిన వస్తువు వాళ్ల చేతే చేయించి, పని నేర్పే వ్యాను అది. నేర్పే అమ్మాయి చేతిలో ఒకావిడ పనసకర్ర ముక్క పెట్టింది.

“ఏం చేద్దాం పిన్నీ?”

“గలాసు సెయ్యాలమ్మా. పైకి మామూలు గలాసంత పొడుగుండాల. లోపల మాత్రం ఒక్క ఏలి కణుపు లోతే తొలవాల.”

“రెండు గుక్కలు కూడా పట్టవు కదా!”

“అంతే పట్టాల. మా ఇంటాయనకి డయాలసిస్ సేత్తన్నారు. నీళ్లు కొలిసి ఇమ్మన్నారు. పెద్ద గలాసులో అడుగున పోసిత్తే, దానికేసి సూసి ఏడుత్తాడు.”

“ఆయనకి తెలిసిపోదా?”

“తెలుత్తాది. అయినా, నోటికాడికెత్తినపుడు నిండుగా కనిపిత్తాది కదమ్మా.”

అమ్మాయి కర్రను గిర్రున తిప్పే యంత్రానికి బిగించి, ఉలి ఆవిడ చేతికిచ్చింది.

“మీరే తొలవండి. లోతు చాలనిపించగానే ఆపేయండి.”

పొట్టు రాలింది. ఆవిడ ఆపి, వేలు పెట్టి చూసుకుంది.

“సాలు.”

తర్వాత సంచిలోంచి ఇంకో కర్రముక్క తీసింది.

“ఇదెవరికి పిన్నీ?”

“నాకు. ఆయనెదుట పెద్ద గలాసెత్తితే, నీళ్లు నా గొంతు దిగుతాయేటమ్మా?”