ఊరేగింపు మధ్యలోంచి

తెల్లవారినప్పటి నుంచి ముసురు పట్టింది. ఆ తుంపరలోనే తమ్ముడు వ్యాను కడుగుతుంటే అక్క గుమ్మంలోకి వచ్చింది.

“వాన కడిగేది చాలలేదేంరా?”

“బురదక్కా.”

“బురదలో పూలు పూస్తాయా? వైపరు కింద రేకులున్నాయి చూడు.”

“గాలికి పడుంటాయిలే.”

“నిన్న ఊరేగింపు మధ్యలోంచి ఎవరో బండి పోనిచ్చి డోలు తాతను పడేశారట. కాలు విరిగింది. చివరి మనిషి దాటేదాకా ఆగాలని తెలీదా వాళ్లకి?”

“హారన్ కొడితే తప్పుకోవాలిగా జనం.”

“హారన్ కొట్టారని నేను చెప్పలేదే.”

తమ్ముడి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

“లైసెన్సు పోతే మన ఇల్లు గడిచేదెట్లా అక్కా?”

“ఆయన డోలు మోగకపోతే వాళ్లిల్లు గడుస్తుందా? తిని బయల్దేరు. పోలీసు స్టేషనుకు నేనూ వస్తా.”

వ్యాను తాళాలు కొంగున ముడేసుకుని ఆమె రెండు కంచాలు పెట్టింది. తమ్ముడు గుడ్డ పిండేసి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు.